కేంబ్రియన్ బ్రాకియోపాడ్ కిట్: డబ్బాలో సరుకు మంచిదే, పుస్తకం మాత్రం తిరగేసి చదవాలి

6,800 రూపాయలు. నల్లగొండకు కొరియర్ ఛార్జీ అదనం. డిగ్రీ, పీజీ జియాలజీ ల్యాబ్‌ల కోసమని, నెట్, గేట్ రాసే పిల్లల కోసమని అమ్ముతున్న 'ప్రారంభ కేంబ్రియన్ బ్రాకియోపాడ్' కిట్ ధర ఇది. బ్రాకియోపాడ్లంటే రెండు చిప్పల మధ్య బతికే సముద్ర జంతువులు, ఈ కిట్‌లోవి యాభై కోట్ల ఏళ్లు దాటిన కేంబ్రియన్ కాలం నాటివి. అమ్మినవాళ్ల పేరు ఇక్కడ అక్కర్లేదు. ఇలాంటి కిట్లు ఇద్దరు ముగ్గురు అమ్ముతున్నారు, అన్నిటిలోనూ సరుకు ఇంచుమించు ఒకటే. కొనేముందు ఏం చూడాలి, కొన్నాక ఎలా వాడాలి అన్నదే ఈ రివ్యూ.

అసలు కొనాల్సిన అవసరం ఎందుకంటే, మన దగ్గర ఇవి దొరకవు. నల్లగొండ, పాలమూరు జిల్లాల నేల చాలామటుకు గ్రానైట్, నైస్. దామరచర్ల మండలంలో వాడపల్లి వైపు, అవతల హుజూర్‌నగర్, మట్టంపల్లి వైపు సిమెంటు ఫ్యాక్టరీలకు పోయే సున్నపురాయి ఉంది కానీ అది ప్రొటెరోజోయిక్ కాలానిది. చిప్ప కట్టుకునే జంతువులు పుట్టకముందే పేరుకున్న రాయి. అందులో బ్రాకియోపాడ్ వెతకడం ఎండిన బావిలో చేప వెతికినట్టే. తాండూరు బండ మీద చెట్టుకొమ్మల్లా కనిపించే నల్ల గీతలు కూడా ఫాసిల్స్ కావు, మాంగనీసు డెండ్రైట్లు. దేశంలో కేంబ్రియన్ పొరలు చూడాలంటే హిమాలయాలకు, స్పితిలోని పరాహియో లోయ లాంటి చోట్లకు పోవాలి. కాబట్టి డబ్బానే దిక్కు.

డబ్బాలో ఏమున్నాయంటే: పెద్దవి చేసి త్రీడీ ప్రింట్ తీసిన మోడళ్లు 9, అసలు సైజులో రెసిన్ పోతలు 5, యాసిడ్‌లో కరిగించి తీసిన నిజమైన చిప్పలున్న మైక్రో స్లైడ్లు 6, 200 గ్రాముల సున్నపురాయి ముక్క ఒకటి, 32 పేజీల గుర్తింపు పుస్తకం. అసలు విలువంతా ఆ 6 స్లైడ్లలోనే ఉంది. తలనొప్పంతా ఆ 32 పేజీల్లో ఉంది.

పుస్తకంలో మొదటి ప్రశ్నే తప్పుదారి పట్టిస్తుంది. "చిప్ప గుండ్రంగా ఉందా, పొడవుగా ఉందా, త్రికోణంగా ఉందా?" అని మొదలుపెట్టారు. బయటి ఆకారం నమ్మి బ్రాకియోపాడ్‌ను వర్గీకరిస్తే రెండో మెట్టులోనే జారిపడతాం. ఇదే డబ్బాలో ఎయోబోలస్, ఒబోలెల్లా పక్కపక్కన పెట్టి చూడండి. రెండూ గుండ్రానికీ కోడిగుడ్డుకీ మధ్యలో ఉంటాయి, రెండూ కాస్త ఉబ్బెత్తుగా ఉంటాయి. కానీ ఒకటి ఫాస్ఫేట్ చిప్ప, రెండోది కాల్సైట్ చిప్ప. ఉపఫైలం, అంటే బ్రాకియోపాడ్లలో అన్నిటికంటే పెద్ద విభజన, దగ్గరే విడిపోయిన రెండింటిని ఈ పుస్తకం ఒకే గంపలో వేసింది.

కాబట్టి పుస్తకంలోని ప్రశ్నల్ని వెనక నుంచి ముందుకు అడగండి. నిజంగానే అంత పని. చివరి పేజీలో చిన్న అక్షరాల్లో వేసిన "చిప్ప దేనితో తయారైంది?" అన్న ప్రశ్న మొదట రావాలి. లింగులా (ఇప్పటికీ బతికున్న బ్రాకియోపాడ్) బంధువులు, పటెరినిడ్లు, అక్రోట్రెటిడ్లు ఫాస్ఫేట్‌తో చిప్ప కడతాయి. ఒబోలెల్లా, కుటోర్గినా, నిసూసియా, ఆర్థిడ్లు కాల్సైట్‌తో కడతాయి. రాతిలో ఫాస్ఫేట్ చిప్ప చాలాసార్లు నల్లగానో గోధుమరంగులోనో, కాస్త నిగనిగలాడుతూ కనిపిస్తుంది. కాల్సైట్ చిప్ప పాలిపోయి, చుట్టూ ఉన్న రాయిలో కలిసిపోయినట్టు ఉంటుంది. అనుమానముంటే ఫాసిల్ మీద కాకుండా, పనికిరాని విరిగిన ముక్క మీద పలచని హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేసి లెన్స్ కింద చూడండి. వెంటనే బుసబుసమంటే కాల్సైట్. రెసిన్ పోతకూ త్రీడీ మోడల్‌కూ ఈ పరీక్ష కుదరదు కాబట్టి ఆ సమాచారం లేబుల్ మీదే ఉండాలి. 14 లేబుళ్లలో ఒక్కదాని మీద కూడా లేదు. మేం మార్కర్‌తో 'ఫా', 'కా' అని రాసుకున్నాం. రెండు నిమిషాల పని, కిట్ విలువ సగం పెరుగుతుంది.

రెండో ప్రశ్న: జంతువు అడుగును పట్టుకునే కాడ, అంటే పెడికిల్, ఎక్కడి నుంచి బయటికి వస్తుంది? రెండు చిప్పల మధ్య వెనక సందులోంచా, వెంట్రల్ చిప్పలో (కాడ వైపు చిప్పలో; ఎదుటిది డోర్సల్) ఉన్న రంధ్రంలోంచా, కొసలోంచా? మూడోది: వెనక అంచు ఎలా ఉంది, అక్కడ సూడోఇంటరేరియా, అంటే చదునైన పట్టీ లాంటి భాగం, ఉందా, దాని మధ్యలో గాడి ఉందా, కీలు గీత తిన్నగా ఉందా వంపుగా ఉందా? నాలుగోది: పైన నగిషీ, ముఖ్యంగా ముక్కు (చిప్ప పెరగడం మొదలైన వెనక కొస) దగ్గరుండే లార్వా దశ చిప్ప మీద. అయిదోది: లోపలి కండరాల గుర్తులు, నడుమ గోడ. ఆకారం ఆ తర్వాతి మాట.

వీటన్నిటికంటే ముందు ఇది బ్రాకియోపాడేనా అన్నది తేల్చుకోవాలి. దానికి సాగర్ ఒడ్డునో చెరువు గట్టునో దొరికే ఆల్చిప్ప ఒకటి తెచ్చి పక్కన పెట్టుకోండి. ఆల్చిప్పలో రెండు ముక్కలు ఒకదానికొకటి అద్దంలో బొమ్మల్లా ఉంటాయి కానీ ఏ ఒక్క ముక్కనూ నడిమికి సమంగా కోయలేం. బ్రాకియోపాడ్‌లో ప్రతి చిప్పా ముక్కు నుంచి ముందు అంచు దాకా కోస్తే సమానంగా విడిపోతుంది, కానీ పై చిప్ప, కింది చిప్ప ఒకేలా ఉండవు. కిట్‌లో ఈ పోలిక లేకపోవడం లోటే. ఆల్చిప్ప ఖర్చు మాత్రం సున్నా.

ఇక మోడళ్లు. పటెరినిడ్ల జోడీ బాగా కుదిరింది. తిన్నని పొడవాటి కీలు గీత, వెంట్రల్ చిప్ప వెనక ఎత్తయిన త్రికోణపు గోడ, మధ్యలో ఉన్న సందును కప్పుతున్న ఉబ్బెత్తు పలక, అంటే హోమియోడెల్టిడియం, అన్నీ చూపుడు వేలితో తడిమితే తెలుస్తాయి. పటెరినా మీద వృద్ధి రేఖలు అంచుకు సమాంతరంగా సాగుతాయి. మైక్రోమిట్రా మీద వల అల్లినట్టు ఉంటుంది. ఈ తేడా ఒక్కసారి చేత్తో తడిమినవాళ్లు మళ్లీ మర్చిపోరు. కాలక్రమంలో ఇవే ముందు. కేంబ్రియన్ దాదాపు 53.9 కోట్ల ఏళ్ల కిందట మొదలైతే, అందరూ ఒప్పుకునే తొలి బ్రాకియోపాడ్లు సైబీరియాలో టొమ్మోషియన్ అనే ప్రారంభ కేంబ్రియన్ దశ పొరల్లోని అల్డానోట్రెటా లాంటి పటెరినిడ్లు. పుస్తకం లింగులాను మొదట పెట్టి పటెరినిడ్లను ఆఖర్న పెట్టింది. పాత అలవాటు.

ఎయోబోలస్, బోట్స్‌ఫోర్డియా మోడళ్లు కష్టమైనవే కానీ డబ్బులు వసూలయ్యేది ఇక్కడే. రెంటి మీదా లార్వా దశ దాటాక పెరిగిన భాగంలో సన్నని పొక్కులు ఉంటాయి. పొక్కులు చూసి పేరు పెడితే సగం మంది తప్పు చెబుతారు. చిప్పను తిప్పి వెనక అంచు చూడాలి. ఎయోబోలస్‌లో వెంట్రల్ సూడోఇంటరేరియా స్పష్టంగా ఉంటుంది, మధ్యలో పెడికిల్ గాడి, అటూ ఇటూ రెండు రెక్కల్లాంటి ప్రోపేరియాలు. బోట్స్‌ఫోర్డియాలో ఆ రెక్కలు పేరుకే ఉంటాయి, మధ్యలో సందు తెరిచి ఉంటుంది. పాకిస్తాన్‌లోని సాల్ట్ రేంజ్ నుంచి 1899లో రెడ్‌లిచ్ అనే శాస్త్రవేత్త వర్ణించిన గ్రాన్యులాటా జాతి ఈ బోట్స్‌ఫోర్డియాలోనిదే. ఉపఖండంలో పని చేసేవాళ్లకు ఇది ఎప్పుడైనా ఎదురుపడొచ్చు కాబట్టి ఈ మోడల్ పెట్టినందుకు మెచ్చుకోవాలి.

అసలు గొడవ అక్రోట్రెటిడ్ మోడల్‌తో వచ్చింది. నిజమైన చిప్ప ఒకటి రెండు మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని 30 రెట్లు పెంచి కోను ఆకారంలో ప్రింట్ తీశారు. కొసలో పెడికిల్ రంధ్రం చక్కగా వచ్చింది. కానీ కొస పైకి పెట్టి ప్రింట్ చేయడంతో, పొర మీద పొర పేరిన ప్లాస్టిక్ గీతలు అచ్చం వృద్ధి రేఖల్లా చుట్టూ తిరుగుతున్నాయి! మొదటిసారి చూసినవాళ్లు "వృద్ధి రేఖలు ఎంత బాగా వచ్చాయో" అనుకోవడం ఖాయం. తేడా ఇలా పట్టుకోండి. ప్రింటర్ పొరలు అడుగు నుంచి కొస దాకా ఒకే ఎడంతో ఉంటాయి. జంతువు అలా పెరగదు, ఒకచోట దగ్గర దగ్గరగా, ఒకచోట దూరంగా గీతలు పడతాయి. ఇంకా గట్టి పరీక్ష కావాలంటే మోడల్‌ను బోర్లించి లోపల వేలు పెట్టండి. లోపలి గోడ మీద, కొస కింద గుబ్బలా ఉండే ఎపికల్ ప్రాసెస్ మీద కూడా అవే గీతలు తగిలితే అవి ప్రింటర్‌వి. చిప్ప లోపలి ముఖం మీద పైగీతలు అలా రావు.

ఇదే మోడల్‌లో ఇంకో లోపం కంటికి కనిపించదు. అక్రోట్రెటిడ్‌ను గట్టిగా పట్టిచ్చే గుర్తు లార్వా చిప్ప మీదున్న సన్నని గుంటలు. ఒక్కో గుంట కొన్ని మైక్రాన్లే. 30 రెట్లు పెంచినా మిల్లీమీటరులో పదో వంతు దగ్గరే ఆగిపోతుంది. మామూలు ప్రింటర్ నాజిల్ 0.4 మిల్లీమీటర్లు. గుంటలు రావు. మోడల్ నున్నగా ఉంది, పుస్తకం గుంటలున్నాయంటుంది, చదివే పిల్లలు ఎటూ తేల్చుకోలేరు. స్లైడ్ మీద నిజమైన చిప్ప ఉన్నా 40 రెట్ల స్టీరియో మైక్రోస్కోప్‌లో ఆ గుంటలు సరిగ్గా తేలవు, వాటికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. కాబట్టి ల్యాబ్‌లో గుంటలు కనపడలేదని అక్రోట్రెటిడ్ కాదని కొట్టేయకండి. కోను, కొసలో రంధ్రం, డోర్సల్ చిప్ప లోపల నడుమ గోడ, ఈ మూడూ కలిస్తే చాలు.

లేబుల్ తప్పు ఒకటి క్షమించరానిది. ఒబోలెల్లా రెసిన్ పోత మీద 'ఒబోలస్' అని అచ్చు వేశారు. రెండక్షరాలే కదా అనుకుంటే పొరపాటు. ఒబోలస్ ఫాస్ఫేట్ చిప్పది, లింగులాల చుట్టం, బాల్టిక్ ప్రాంతంలో కేంబ్రియన్ చివరి పొరల్లో కుప్పలుగా దొరుకుతుంది, ఎస్టోనియా ఫాస్ఫరైట్‌కు మూలం అదే. ఒబోలెల్లా కాల్సైట్ చిప్పది, ప్రారంభ కేంబ్రియన్‌ది. కాలం తప్పు, పదార్థం తప్పు, ఉపఫైలం తప్పు. పోతను చూస్తే మందపాటి చిప్ప, లోపల లోతైన కండరాల గుర్తులతో ఒబోలెల్లా అనే తెలుస్తుంది. మొదటిసారి నేర్చుకునేవాళ్లు మాత్రం లేబుల్‌నే నమ్ముతారు.

కుటోర్గినా, నిసూసియా పోతలకు వంక పెట్టడానికి లేదు. రెండింటికీ వెడల్పాటి కీలు గీతే. కుటోర్గినా మీద అడ్డంగా మెట్లుమెట్లుగా మడతలు ఉంటాయి, నిసూసియా మీద ముక్కు నుంచి విసనకర్రలా విచ్చుకునే గీతలు, వాటి మీద ముళ్లు విరిగిన బొడిపెలు. ఆర్థిడ్లలో ఉండే దంతాలు, గుంటలు వీటిలో వెతకొద్దు, కీలు ఇంకా అంత గట్టిపడని దశ. మిక్‌విట్జియాను కూడా డబ్బాలో వేసి 'లింగులిడ్' అన్నారు. దాని ఫాస్ఫేట్ చిప్పలోకి చారల గొట్టాలు దిగి ఉంటాయి, లింగులిడ్లలో అవి లేవు. ఇప్పుడు దాన్ని అసలు బ్రాకియోపాడ్ గుంపుకు బయట, దాని మొదలు కొమ్మ మీద పెడుతున్నారు. సెంటీమీటర్లలో ఉండే సైజు చూసైనా అనుమానం రావాలి.

లింగులెల్లోట్రెటా మలోంగెన్సిస్ పోత అందరికీ నచ్చుతుంది. చైనాలోని యున్నాన్‌లో, దాదాపు 51.8 కోట్ల ఏళ్ల చెంగ్‌జియాంగ్ పొరల్లో, చిప్ప వెనక నుంచి పొడుగ్గా సాగిన కాడతో సహా నిలిచిపోయింది. కాడ బయటికొచ్చే రంధ్రం సూడోఇంటరేరియాలోనే నిలువుగా తెరిచి ఉంటుంది, దీన్ని గుర్తుపెట్టుకుంటే మిగతా లింగులిడ్ల నుంచి వేరు చేయొచ్చు. ఇది పోతే కాబట్టి పేచీ లేదు. ఎవరైనా 'ఒరిజినల్ చెంగ్‌జియాంగ్ ముక్క' అని తక్కువ ధరకు అంటగడితే మాత్రం కొనకండి. చైనాలో శిలాజాల రక్షణ నిబంధనలు 2011 నుంచి అమల్లో ఉన్నాయి, కాగితాలు లేకుండా బయటికి వచ్చిందంటే దొంగసరుకో నకిలీనో అయ్యుంటుంది.

స్లైడ్లు చూసే పద్ధతి పుస్తకంలో లేదు. పై నుంచి దీపం వేస్తే నగిషీ చచ్చిపోతుంది. ఒక పక్క నుంచి, బల్లకు 20 డిగ్రీలకు మించని ఏటవాలులో వెలుగు పడాలి. 10 రెట్లతో మొదలుపెట్టి 40కి పోండి. రెసిన్ పోతలు తళతళలాడుతుంటే గీతలు కనిపించవు. వాటికి నవాసాగరం, అంటే అమ్మోనియం క్లోరైడ్, పొగ పట్టించాలి. కళాయి వేసేవాళ్లు వాడేదే. గాజు గొట్టంలో చిటికెడు వేసి వేడి చేసి, ఆ తెల్లని పొగను పోత మీదికి మెల్లగా వదిలితే పలచని తెల్ల పూత పడి ప్రతి గీతా లేచి నిలబడుతుంది. కిటికీ తీసి, పొగ పీల్చకుండా చేయాలి. వానాకాలంలో గాలి తేమకు పూత ముద్దకడుతుంది, అప్పుడు పూత వేసిన వెంటనే ఫొటో తీసి కడిగేయాలి. నిజమైన చిప్పలున్న స్లైడ్ల జోలికి మాత్రం పోవద్దు.

సున్నపురాయి ముక్కతో ప్రయోగం చేయమన్నారు. ఇక్కడ పుస్తకం లెక్క తప్పింది. 200 గ్రాముల రాయికి 10 శాతం ఎసిటిక్ యాసిడ్ ఒక లీటరు చాలంటుంది. 900 మిల్లీలీటర్ల నీళ్లలో 100 మిల్లీలీటర్ల గ్లేషియల్ ఎసిటిక్ యాసిడ్ పోస్తే వచ్చే లీటరు, రసాయన లెక్క ప్రకారం ఎంత కరిగించినా 87 గ్రాముల కాల్సైట్‌నే కరిగిస్తుంది. అంటే రెండు లీటర్లు పోసినా మధ్యలో ఒకసారి మార్చాల్సిందే. నాలుగు రోజులకు బుడగలు ఆగిపోయాయంటే రాయి అయిపోయిందని కాదు, యాసిడ్ అయిపోయిందని. మూత వదులుగా పెట్టిన ప్లాస్టిక్ బకెట్, అందులో రాయిని అడుగుకు తగలకుండా ఎత్తిపట్టే ప్లాస్టిక్ జల్లెడ, చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు. యాసిడ్‌ను నీళ్లలో పోయాలి, నీళ్లను యాసిడ్‌లో కాదు. మార్చేటప్పుడు పాత ద్రావణం కొంత ఉంచి కొత్తది కలిపితే ఫాస్ఫేట్ చిప్పలు యాసిడ్‌కు దెబ్బతినకుండా ఉంటాయి.

తొందరపడి హైడ్రోక్లోరిక్‌లో వేశారా, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టే. రాయితోపాటు ఫాస్ఫేట్ చిప్పలూ కరిగిపోతాయి. టీ వడగట్టే జాలీ వాడినా అంతే, అక్రోట్రెటిడ్లు జారి మోరీలో పడతాయి. 63 మైక్రాన్ల జల్లెడే కావాలి, కిట్‌లో అది లేదు, విడిగా కొనాలి. మడ్డిని మూడు నాలుగు నీళ్లలో కడగకుండా ఆరబెడితే కాల్షియం ఎసిటేట్ తెల్లగా పేరుకుని చిప్పల్ని కప్పేస్తుంది. మన ఎండలకు ఆరడానికి ఎంతో సేపు పట్టదు కానీ మే నెల గాలికి మడ్డే ఎగిరిపోతుంది, పైన కాగితం కప్పండి. ఆరాక మూడు సున్నాల బ్రష్‌ను తడిపి ఒక్కో చిప్ప ఏరాలి. ఇంకో మాట: ఈ మడ్డిలో కాల్సైట్ చిప్పలు దొరకలేదంటే అవి రాయిలో లేవని కాదు, మనమే కరిగించేశాం.

మన సున్నపురాయికి ఇక్కడ ఒక ఉపయోగం ఉంది. వాడపల్లి వైపు నుంచి ఒక ముక్క తెచ్చి అదే జల్లెడలో, అదే పద్ధతిలో ముందు దాన్ని కరిగించండి. బంకమట్టి, క్వార్ట్జ్ రేణువులు తప్ప ఏమీ రాకూడదు. అందులో బ్రాకియోపాడ్ కనిపించిందంటే జల్లెడ సరిగ్గా కడగలేదని అర్థం.

పరీక్షలకు చదివేవాళ్లకు: పుస్తకం ఇంకా ఆర్టిక్యులేటా, ఇన్‌ఆర్టిక్యులేటా అనే రెండు తరగతుల దగ్గరే ఉంది. 1996లో విలియమ్స్ బృందం ప్రతిపాదించిన లింగులిఫోర్మియా, క్రేనిఫోర్మియా, రింకోనెల్లిఫోర్మియా అనే మూడు ఉపఫైలాలే ఇప్పుడు నడుస్తున్నాయి. పాత పద్ధతిలో ఇన్‌ఆర్టిక్యులేటాలో ఉన్న ఒబోలెల్లా ఇప్పుడు కాల్సైట్ చిప్ప వల్ల రింకోనెల్లిఫోర్మియాలోకి వచ్చింది. సిలబస్ కాగితం మీద పాతది ఉంటే రెండూ రాయండి.

ఒక జాగ్రత్త. ప్రింట్ మోడళ్లు పీఎల్ఏ ప్లాస్టిక్‌తో చేసినవి, 60 డిగ్రీల దగ్గర మెత్తబడతాయి. ఎండాకాలం మధ్యాహ్నం బండి డిక్కీలోనో, అద్దాలెత్తిన కారులోనో పెట్టారంటే మైక్రోమిట్రా కీలు గీత వంకర తిరుగుతుంది, ఆ తర్వాత అది ఏ జాతికీ చెందదు.

అయిదుకు మూడున్నర. స్లైడ్లకూ పోతలకూ పూర్తి మార్కులు, పుస్తకానికి కోత. కొరియర్‌లో పగిలిన స్లైడ్ ఒకటి ఫోన్ చేస్తే తొమ్మిదో రోజు మార్చి పంపారు, డబ్బులు అడగలేదు. ఒబోలెల్లా లేబుల్ సంగతీ చెప్పాం. దానికి కొత్త స్టిక్కర్ వచ్చింది. దాని మీదా 'ఒబోలస్' అనే ఉంది.